పలకల ఊరి కొత్త కొండ

మార్కాపురం బస్సులో వెళ్తూ, నెత్తిన సిలువ పెట్టుకున్న నల్లటి కొండ ఒకదాన్ని భక్తిగా ఫొటో తీశాను. ఏ యుగం నాటిదని పక్కసీటు పెద్దావిడను అడిగాను.

“యుగమేంది నాయనా! నా పెండ్లినాటికి అది లేదు. పలకల గనుల్లో పనికిరాని రాయి పోసి పోసి కొండయింది. గుడ్‌ఫ్రైడేకి సిలువ మోసుకొని దానిమీదికే ఎక్కుతాం. మా పల్లెకు వేరే కొండ యాడుంది?”

దేవుడు మరిచిపోయిన పనిని గనులవాళ్లు పూర్తిచేశారన్నమాట.

“మీ ఊర్లో కొండ లేదా?” అందామె.

“ఉండేది. కంకర కొట్టి రోడ్లకు పోశాం.”

“అయ్యో! కొట్టినకాడ గుంటన్నా మిగిలిందా?”

“చెత్తతో పూడ్చి ప్లాట్లు వేశాం.”

ఆమె కాసేపు నన్ను జాలిగా చూసి, కళ్లు మూసుకుని, మా ఊరి కోసం గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. వెనకసీట్లవాళ్లంతా ఆమెన్ అన్నారు.