జేజి సంచిలో ముసలిదైన కాగితం

నా చిన్నప్పుడు మా ఇంట్లో తళతళలాడే కొత్త కాగితం ఒకటి మా జేజి చేతిలో పడి ముసలిదైపోయింది. జేజి అంటే మా నాయనకు అమ్మ. ఆ సంగతి మొన్న మా మనవరాలి వల్ల మళ్లీ గుర్తుకొచ్చింది. బడిలో నాటకం ఉందని అది ఏదో కోట పటాన్ని జిరాక్స్ షాపులో కలర్లో తీయించుకొచ్చి, ఫోన్లో చూసి, టీ డికాషన్లో ముంచింది. రంగంతా కరిగి కోట కాస్తా గిన్నెలోకి కారిపోయింది. పిల్ల మొహం చూసి నాకు నవ్వాగలేదు. నవ్వినందుకు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

మాది తాడిపత్రి దగ్గర యాడికి అనే ఊరి పక్క పల్లె. వాన పడితే శనక్కాయ, పడకపోతే అదీ లేదు. నేను ఐదో తరగతిలో ఉండగా మా అయ్యవారు బడి వార్షికోత్సవానికి ఒక నాటకం రాశారు. కరువుతో అల్లాడుతున్న ఊరివాళ్లకు, పాతకాలం రాజు తవ్వించిన బావి ఒకటి ఎక్కడో పూడిపోయి ఉందని తెలుస్తుంది. అది ఎక్కడుందో చూపే పటాన్ని మంత్రి సభలో విప్పి చదవాలి. ఆ మంత్రిని నేనే. అన్ని మాటలు మగపిల్లలెవరికీ నోటికి రాకపోబట్టి మీసాలు పెట్టుకునే వేషం నాకు దక్కింది. నాటకం మొత్తంలో నాకున్నది ఆ ఒక్క రంగమే.

పటం అచ్చువేయించి తెచ్చింది అయ్యవారి బావమరిది. తాడిపత్రిలో పెళ్లిపత్రికలు అచ్చువేసే ప్రెస్సులో ఆయనకు పని. అక్కడున్న బొమ్మలన్నీ పెళ్లివే కాబట్టి, పటం చుట్టూ అరటిచెట్లు, మూలమూలనా సన్నాయి, నడిమధ్యన బావి వచ్చి కూర్చున్నాయి. మా జేజి దాన్ని ఎగాదిగా చూసి, "ఏమే, ఈ బావికి పెండ్లెప్పుడు?" అనింది.

అయ్యవారికి మాత్రం నవ్వే ఓపిక లేదు. ఆయన దిగులు వేరు. ముందటేడు నాటకంలో తాతల కాలం నాటి రాజాజ్ఞ అని చదివిన కాగితం పాలలాగా తెల్లగా ఉండింది. జనంలోంచి ఎవరో, "రాజు ఇప్పుడే తాడిపత్రి బస్సు దిగినట్టుండాడే" అని అరిచారు. ఊరంతా విరగబడి నవ్వింది, నాటకం అక్కడితో సరి. అందుకని ఈసారి పటాన్ని పాతదిగా చేసుకు రమ్మని నాకిచ్చి, పాతబడకపోతే ఆ రంగమే ఎత్తేస్తానన్నారు. రంగం పోతే నేనూ లేను, నా మీసాలూ లేవు.

చెడగొడతానని ముందే తెలిసినట్టు నాలుగు ప్రతులిచ్చారు. మొదటిదాన్ని టీలో ముంచాను. మా ఇంట్లో టీ అంటే బెల్లం వేసి మరగబెట్టిందే. బెల్లం లేని టీ కూడా లోకంలో ఉంటుందని నాకప్పటికి తెలియదు. గోడ మీద ఆరేస్తే రంగు భలేగా వచ్చింది. కాసేపటికి చీమలు కూడా వచ్చాయి. నాటకంలో జనం కంటే ముందు చీమలకే బావి దొరికింది. రెండోదాన్ని రొట్టెల పెనం మీద కాల్చబోతే బావి ఉండాల్సిన చోట చిల్లు పడింది. మూడోదాన్ని పేడదిబ్బలో దాచి, కాసేపు ఆడుకుని వచ్చి చూస్తే మా మేక నోట్లోంచి సన్నాయి ఒకటి వేలాడుతూ ఉంది.

ఇక మిగిలింది ఒక్కటే. దాన్ని ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుని ఏడ్చాను. దాన్ని ముట్టుకోవాలంటే భయం, ముట్టుకోకపోతే మంత్రి వేషం పోతుందని భయం.

జేజి వచ్చి ముక్కు తుడిచింది. "ముసిల్ది చేయాల్నంటే ముసలోళ్ల నడగల్ల గానీ, చీమల్నీ మేకల్నీ అడిగితే యాడైతాది?" అంటూ కాగితం లాక్కుని, మడిచి, తన ఆకూవక్క సంచిలో కుక్కేసింది. ఆ సంచిలో తమలపాకులు, వక్కలు, సున్నం డబ్బీ, పొగాకు, ఇంటి తాళంచెవి, ఇంకా దేవుడికే తెలిసిన సామాన్లు ఉండేవి. ఆమె ఆకు కావాలన్నప్పుడల్లా కాగితం బయటికొచ్చేది. సున్నం వేళ్లతోనే దాన్ని మళ్లీ లోపలికి తోసేది.

మర్నాడు అది మా అబ్బ వంతు. అబ్బ అంటే మా తాత. జేజి చెప్పినట్టే ఆయన కాగితాన్ని రొంటిన దోపుకుని చేనికి పోయాడు. గట్టు మీద కూర్చున్నప్పుడల్లా విప్పి చూసి, మళ్లీ మడిచి దోపుకున్నాడు. అబ్బకు చదువు రాదు. అయినా అంత గంభీరంగా చూస్తుంటే దారినపోయేవాళ్లు కోర్టు కాగితమనుకుని ఏం తగాదా అని అడిగి పోయారట. ఆ తర్వాత నాయన చొక్కా జేబులో బీడీకట్ట పక్కన కాపురం పెట్టింది. ఒక అంచు చురుక్కున కాలింది కూడా. నాయన అది నాటకం కోసమే కాల్చానని మొండికేశాడు.

నాటకం ముందురోజు జేజి కాగితాన్ని నా ముందు పరిచింది. మడతలు గోధుమరంగు తిరిగి నలిగిపోయాయి. బొటనవేళ్లు పడీ పడీ మూలల్లో సన్నాయిలు అరిగిపోయాయి. అరటిచెట్ల మీద సున్నం మరకలు. పెళ్లి కళంతా పోయింది. కానీ నడిమధ్యలో అక్కడక్కడా కాగితం ఇంకా తెల్లగానే ఉంది. నేను ఇంత మట్టి తెచ్చి అక్కడ పూయబోతే జేజి చేతి మీద ఒక్కటిచ్చింది.

"పాతదంటే మురికి కాదే పిచ్చిదానా. చెయ్యి పడిన తావే పాతబడతాది. పడని తావు అట్లే ఉంటాది" అనింది. నన్ను లాక్కుపోయి తిరగలి పిడి చూపించింది. పట్టుకునే చోట నున్నగా, పక్కన గరుగ్గా ఉంది. తలుపు చూపించింది. తోసే చోట నల్లగా, పైన చెక్క రంగులోనే ఉంది. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న ఇల్లే, ఆరోజే కొత్తగా చూసినట్టయింది నాకు.

నాటకం రోజు పొద్దుగూకే వేళకు ఊరంతా బడి ముందర చేరింది. నేను మీసాలు సవరించుకుని పటం విప్పాను. జనం మెడలు సాచి చూశారు. అయ్యవారు తెర పక్కనుంచి తల ఊపారు. "పూర్వం మన మహారాజుల వారు తవ్వించిన బావి..." అని మొదలుపెట్టానో లేదో, ముందు వరసలో కూర్చున్న మామ ఒకాయన దిగ్గున లేచాడు. మా చేని పక్క చేను ఆయనది. ఆ ఎండాకాలమే ఆయన బావి అడుగంటిపోయింది.

"ఏమ్మా, ఆ బావి యాడుండాది? మా చేనికి ఈ పక్కనా, ఆ పక్కనా?"

ఊరంతా ఘొల్లున నవ్వింది. ముందటేడు నవ్వే నా చెవుల్లో మోగింది. కాగితాన్నే చూసి నవ్వుతున్నారనుకున్నాను. ఒక్క మాటా గుర్తురాలేదు. మొహం దాచుకుందామని కాగితం పైకెత్తాను. గుప్పుమని జేజి ఆకూవక్క వాసన. ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. జేజి పక్కనే నిలబడి ముక్కు తుడిచినట్టుంది. మంత్రి భాష మరిచిపోయి మా ఇంటి భాషలో, "కూచో మామా, నాటకం అయిపోనీ, చెప్తా" అన్నాను. మామ బుద్ధిగా కూర్చున్నాడు. తర్వాత మాటలన్నీ వాటంతటవే వచ్చాయి. ఈసారి జనం చప్పట్లు కొట్టి మరీ నవ్వారు.

మామ మాత్రం మాట మరిచిపోలేదు. మర్నాడు పొద్దున్నే గడ్డపార భుజాన వేసుకుని మా వాకిట్లో నిలబడ్డాడు. చెప్తానన్నావు కదా, చెప్పు అన్నాడు. నాకు నవ్వొచ్చింది. జేజి నన్ను కళ్లతోనే ఆపేసి, ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి కాగితం పరిచింది. ఇది నా సున్నం, ఇది మా ముసలాయన చెమట, ఇది నా కొడుకు బీడీ అంటూ ఒక్కొక్క మరకా వేలు పెట్టి చూపించింది. అరిగిపోయిన సన్నాయిలూ చూపించింది. మామ మూలలు తడిమి చాలాసేపు చూశాడు.

"కాగితాన్ని ఇంత బాగా పాతది చేసినావు గదత్తా, ఆ చేత్తోనే రెండు కుండల నీళ్లు గూడా చేసిండకూడదా?" అని తనే పకపకా నవ్వాడు.

జేజి కూడా నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా ఇంట్లోనూ నీళ్లు అంతంతమాత్రమే. అయినా లోపలికి పోయి చెంబు నిండా నీళ్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. తర్వాత సంచి విప్పి ఆకూవక్క ఇచ్చింది. నాకు ఆమె మీద అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఆ పటం ఏమైందో తెలియదు గానీ, సంచి నా దగ్గరే ఉంది. ఇప్పటికీ ఎవరింటికి పోయినా నా కళ్లు ముందు తలుపు మీదికి, గరిటె కాడ మీదికి, కుర్చీ చేతుల మీదికి పోతాయి. ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో వెతుక్కుంటాను.

మనవరాలు మళ్లీ తీయించుకొచ్చిన కోటను నిన్న మడిచి జేజి సంచిలో పెట్టాను. జేజి వేళ్లు పడిన తాడు నల్లగా మెరుస్తూ ఉంది, మిగతా బట్ట బాగానే ఉంది. పిల్ల ముక్కు మూసుకుని, "ఈ సంచిని ఒక్కసారి వాషింగ్ మెషిన్లో వేయొచ్చు కదా జేజీ" అంది. కోట ఎంత పాతది కావాలంటే అంత పాతది చేసిస్తాను గానీ, ఆ ఒక్కటి మాత్రం అడగొద్దన్నాను.