దీవుల రమ్ముకు మా ఊరి సాక

అమీర్‌పేటల మెట్రో పిల్లర్లు ఇంకా సగంసగమే లేచిన దినాలవి. ఆ దినాలల్ల హైదరాబాద్ వచ్చిన పోరగాళ్లకు రెండే పనులుండె: ఒకటి కోర్సు నేర్చుకునుడు, లేకుంటే నేర్చుకుంటున్న అని ఇంట్ల చెప్పుకుంట తిరుగుడు. నేను ఆ రెండూ తప్పి, పంజాగుట్టల ఫారిన్ మందు అమ్మే ఒక పెద్ద షాపుల సేల్స్‌మన్‌గ పడ్డ. టై కట్టుకునుడు రాదు. రూమ్మేట్ కట్టిచ్చిన ముడిని విప్పకుంట, పొద్దుగాల మెడల ఏసుకునుడు, రాత్రి గోడ మొలకు తగిలిచ్చుడు, గట్ల మూడు నెలలు నడిపిన. (నవ్వకుండ్రి, మీల సుత చానామంది గదే చేసిండ్రని నాకెరుక.)

మా మేనేజరును మేం వెనకనుంచి సూటు సారు అంటుంటిమి. కోస్తా ఆయన. మనసు మంచిదే గని, మంచి మాట సుత బెదిరిచ్చినట్టే చెప్తుండె. నా మూడు నెలల ట్రయల్ అయిపొయ్యే వారం నన్ను క్యాబిన్‌లకు పిలిచిండు. సోమాజిగూడ హోటల్ల కరేబియన్ రమ్ము టేస్టింగ్ ఉన్నదంట. నాలుగైదు దీవుల రమ్ములను ఓక్ పీపాలల్ల ఏండ్లకేండ్లు ఉంచి, కలిపి చేసిన సరుకు. కలిపే పెద్దమనిషే సొంతంగ వస్తుండట. అన్నిట్ల పాతది ఒక్కటే సీసా హైదరాబాద్‌కు వచ్చింది. దాని చరిత్ర ఇంగ్లిష్‌ల చెప్పి, అందరి గ్లాసులల్ల నేను పొయ్యాలె.

"చక్కగా చేశావా, పర్మనెంట్ లెటర్ అక్కడికక్కడే ఇస్తాను. ఒక్క చుక్క కింద పోశావో, సాయంత్రం బస్సుకి మీ ఊరే. అర్థమైందా?" అన్నడు.

మస్తు అర్థమైంది. మా ఊర్ల నా కోసం మగ్గం ఖాళీగనే ఉన్నది. మగ్గం అంటే నాకు చిన్నతనం ఏం లేదు, నడుమునొప్పి అంటెనే భయం. దానికన్న పెద్ద భయం, 'పట్నం పోయిండు, మూడు నెలలకే మర్లిండు' అని వాడకట్టంత అనుకుంటరని. ఆ లెటర్ నాకు కావాలె. దేవునికి మొక్కుకొని మరీ కావాలె.

ఇగ ఎస్.ఆర్. నగర్ రూమ్ల బట్టీపట్టుడు మొదలైంది. నా రూమ్మేట్ గోదావరి జిల్లా పిలగాడు, అమీర్‌పేటల జావా నేర్చుకుంటుండె గనుక పేరు సుత జావానే అయింది. వాడు కస్టమర్ తీర్గ మంచం మీద కూసుండెటోడు, నేను చెప్పెటోణ్ణి. చెరుకు రసం కాగబెట్టి చక్కెర తీసినంక మిగిలే నల్లటి పాకం, దాన్ని పులియబెట్టి బట్టీల కాచుడు, లోపల కాల్చిన పీపాలల్ల పోసి ఎండల దేశంల పన్నెండేండ్లు ఆపుడు, ఏటేటా పీపాలకెళ్లి కొంత గాలిల కలిసిపోతే దాన్ని దేవతల వాటా అనుడు, అన్నీ వరుసగ చెప్పిన.

జావా అంతా విని, "పన్నెండేళ్లా? మా అమ్మమ్మ ఆవకాయ పన్నెండు నెలలు నిలవడమే గొప్పండి బాబూ! అయినా జనం కాపలా ఉన్న చోట మందు దానంతటదే తగ్గిపోయిందంటే మీరు నమ్మేశారేంటి?" అన్నడు. పొట్ట పట్టుకొని నవ్వినం గని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

టేస్టింగ్ దినం మధ్యాహ్నం హాలు నిండ కోట్లేసుకున్నోళ్లే. కింద దూది తీర్గ మెత్తటి తెల్ల కార్పెట్. రమ్ము పెద్దాయన ఎత్తుగ, తెల్ల గడ్డంతోని, తలకు టోపీ పెట్టుకొని ముందు కుర్చీల కూసున్నడు. నేను షురూ చేసిన. ఎక్కడ తడబడలే. పాకం కాడికెళ్లి పీపా దాక రైలు లెక్క పోయిన. ఇరవై గ్లాసులల్ల పోసిన, ఒక్క చుక్క కింద పడలే! మూలకు నిలబడ్డ సూటు సారు బొటనవేలు లేపి చూపిచ్చిండు. లెటర్ వచ్చినట్టే అనుకున్న.

గంతల పెద్దాయన నన్ను పిలిచి, "ఇంత బాగ చెప్పినవు గద, నువ్వెప్పుడన్న తాగినవా దీన్ని?" అని ఇంగ్లిష్‌ల అడిగిండు. లేదు సార్ అన్న. "అట్లయితే మొదటి గుటక నీదే" అని తన గ్లాసే నా చేతుల పెట్టిండు.

ఇక్కడ మా ఊరి ముచ్చట ఒకటి చెప్పాలె. మా దిక్కు కల్లు లొట్టి ముందట కూసుంటే, తాగేకంటె ముందుగాల జరంత నేలకు వంపుతరు. దాన్ని సాక అంటరు. ఎల్లమ్మ తల్లికింత, పోయిన పెద్దలకింత. మా తాత ఈ విషయంల మస్తు కడక్. "నేలకు పొయ్యనిది నోట్ల పోసుకోకురా" అని నాకు మీసం మొలిచినప్పటి సంది చెప్పుకుంటనే వచ్చిండు. ఇగ చేతికి అలవాటైపోయె. గ్లాసు చేతులకు రాంగనే, నా బుర్ర ఇంకా 'థాంక్యూ సార్' అనే మాట ఎతుక్కుంటనే ఉన్నది, చెయ్యి దాని పని అది చేసింది. సగం గ్లాసు తెల్ల కార్పెట్ మీద, మిగిలింది ఉరికొచ్చిన సూటు సారు బూటు మీద. పైకెళ్లి నోరు సుత ఊకోలే, "ఎల్లమ్మ తల్లీ" అన్నది.

"ఏంటయ్యా ఇది!" అన్నడు సారు. ఆయన మొఖంల నెత్తురు చుక్క లేదు.

పెద్దాయన మాత్రం నన్నే చూసుకుంట, "ఎవరికి పోసినవు బిడ్డా?" అని అడిగిండు.

"మా తాత నేర్పిండు సార్..." అన్న.

"అయ్యో. ఎప్పుడు పోయిండు మీ తాత?"

అప్పుడన్న నిజం చెప్పచ్చు. కాని సారు కండ్లు నా మీదనే ఉన్నయి, నా కండ్ల ముందట సాయంత్రం బస్సు తిరుగుతున్నది. తలకాయ కిందికేసి, "పోయిన ఏడు, సార్" అన్న. (ఆ టైముకు మా తాత ఊర్ల బువ్వ తిని, మగ్గం పక్కపొంట గుర్రుపెట్టి పండుకొని ఉంటడు.)

పెద్దాయన టోపీ తీసి లేచి నిలబడ్డడు. "మా నాయనమ్మ ఇట్లనే చేసేది. మొదటి చుక్క భూమిలో ఉన్నవాళ్లకు పోయకుంటే సీసా ముట్టనిచ్చేది కాదు. పెద్ద హోటళ్లల్ల బాగుండదని నేనే మానేసిన" అన్నడు. ఇంకో గ్లాసుల పోసుకొని, దాన్ని కార్పెట్ మీద వంపిండు. ఇగ హాలు హాలంత లేచింది! ఇరవై మంది కోట్లేసుకున్నోళ్లు, బతికున్న మా తాత కోసం తలకాయలు వంచి రమ్ము పోస్తుండ్రు. హోటలోళ్లు తువ్వాలలు పట్టుకొని ఉరుకుతుండ్రు. సూటు సారు సుత రెండంటె రెండే చుక్కలు పోసి, "పెద్దాయన ఆత్మకి శాంతి కలగాలి" అని దండం పెట్టిండు. నాకు సిగ్గుతోని ఏడుపొచ్చింది. తాత మీద ప్రేమ అనుకొని అందరు నా వీపు నిమిరిండ్రు.

లెటర్ అక్కడనే చేతుల పడ్డది. పెద్దాయన సీసాల మిగిలింది మూత పెట్టి నాకిచ్చి, "మీ తాత సమాధి మీద పొయ్యి" అన్నడు.

ఐతారం ఊరికి పోయి, సీసా తాత ముందట పెట్టి, జరిగిందంత ఒప్పుకున్న. కట్టె తీస్తడేమో అని వాకిలి దిక్కు జరిగి కూసున్న. తాత మూత తీసి వాసన చూసిండు, ముందుగాల నేలకు వంపిండు, అటెంక ఒక్క గుటక తాగి కండ్లు మూసుకున్నడు.

"కొత్త బెల్లం వాసన కొడుతున్నదిరా. అవ్ గని, నేను సచ్చిపోయిన అంటే ఆళ్లు ఏడ్చిండ్రా?"

"ఏడ్చిండ్రు తాతా. కోట్లేసుకొని ఏడ్చిండ్రు."

"ఇంకేం మరి," అని మళ్ల గ్లాసు ముందటికి జరిపిండు. "దసరాకు నన్ను ఇంకోసారి సంపు."

తాత నిజంగనే పోయి ఇప్పటికి నాలుగేండ్లాయె. నేను ఇప్పటికీ టేస్టింగులు చేయిస్తున్న, మొదటి చుక్క గిన్నెల పోస్త. ఎవరికి అని ఎవరన్న అడిగితే మా తాతకు అంట. ఇప్పుడు అన్నీ నిజాలే చెప్తున్న. కాని అబద్ధం చెప్పి ఏడ్చిన ఆ పిచ్చి పోరగాడే నాకన్న నసీబున్నోడు.