మూపురం లేని కోడె

మా పెద్దనాయిన చంద్రయ్య పాలు తాగేవాడు కాదు. ఆవు అంటే ఆయన దృష్టిలో పాలిచ్చేది కాదు, ఎద్దును కనేది. మక్తల్ చుట్టుపక్కల చెల్కలన్నీ ఎద్దులతోనే దున్నే రోజులవి. కోడెను కాడికి అలవాటు చేయడాన్ని మా దిక్కు మరపడం అంటారు. ఆ పనిలో ఆయన్ని మించినవాడు మా ఊళ్లో లేడు. కర్ర పట్టేవాడు కాదు. కోడెతో ముచ్చట పెట్టుకుంటూ ఊరంతా తిప్పేవాడు, అంతే. మనుషులతో అందులో సగం మాట్లాడి ఉంటే మా పెద్దమ్మ గోపమ్మ ఎంత సంతోషపడేదో.

ఎనభై నాలుగులో మా ఊరికి పాలకేంద్రం వచ్చింది. పాలు కొలిచి పోయించుకునేది నేనే. దేశమంతా పాలు పారాలని పైవాళ్లు అనుకున్నారట. ఎవరేమన్నా అనుకోనీ, మా ఊళ్లో పారాయి. అంతకు ముందు పాలు అమ్ముదామన్నా కొనే దిక్కు లేదు. ఇప్పుడు తెల్లారేసరికి ఆడవాళ్లు చెంబులు పట్టుకుని నా ముందు వరుస కట్టారు. మా పెద్దమ్మ పెళ్లయిన ఇన్నేళ్లకు, ఎవర్నీ అడక్కుండా తనకు తాను ఒక చీర కొనుక్కుంది. ఇంటింటికీ తిరిగి చూపించింది కూడా. పాలు వచ్చి ఊరు పాడైందని వాగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లెవరూ చెయ్యి చాచి చీర అడిగినవాళ్లు కాదు.

అయినా మా పెద్దనాయిన సంగతి వేరు. ఆయనకున్న రెండెద్దుల్లో ఒకటి పాము కరిచి చచ్చిపోయింది. నల్లోడు ఒక్కటే మిగిలింది. ఒంటెద్దుతో సేద్యం ఏం సాగుతుంది? సంతలో ఇంకొకటి కొనమంటే వినడు. ఆయన కాడి కింద ఎప్పుడూ ఇంట్లో ఉన్న తెల్లావు కన్న ఎద్దులే నడిచాయి. నల్లోడు కూడా దాని కొడుకే. "తెల్లావు ఇంకో కోడెను ఇయ్యనీ, జత కడత" అనేవాడు. అందాకా నల్లోణ్ణి పక్క చెల్క బుచ్చయ్య ఎద్దుతో బదులు కట్టి, ఒకరోజు అతనిది, ఒకరోజు తనది దున్నుకున్నాడు. ఆ బదులు బతుకంటే ఆయనకు చచ్చేంత నామోషీ.

తెల్లావు ఎదకు వచ్చేసరికి ఊళ్లో ఆబోతు లేదు. ఉన్నది ముసలిదై చచ్చిపోయింది, మళ్లీ ఎవరూ వదల్లేదు. డాక్టరు స్కూటరేసుకొచ్చి జెర్సీ సూది వేస్తుంటే ఆబోతును ఎవరు మేపుతారు? పెద్దనాయిన తనే ఆవును తోలుకుపోయి సూది వేయించాడు. ఆవు ఈనేదాకా మొగుడు కోడె కోసం మొక్కాడు, పెళ్లాం పెయ్య కోసం మొక్కింది. జెర్సీ పెయ్య పుడితే బిందెలకు బిందెలు పాలు మరి.

పుట్టింది కోడె. ఎర్రగా, నున్నగా, ముద్దొచ్చేట్టుంది. పెద్దనాయిన సంబరం ఇంతా అంతా కాదు. కానీ వీపు మీద చెయ్యి వేస్తే మెడ నుంచి తోక దాకా చదునే. మూపురం ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"పెద్దనాయినా, జెర్సీకి మూపురం రాదు" అన్నాను.

"నీకేం ఎరుక రా? సూది ఎవనిదైతేంది, కడుపు తెల్లావుది. తల్లి పాలు కడుపునిండ తాగితే గదే వస్తది" అన్నాడు.

పాత కాలం నుంచీ మా దిక్కు మరపబోయే కోడెకు రెండు చన్నులు వదిలేవారు. ఈయన నాలుగూ వదిలేశాడు. పెద్దమ్మ చెంబు ఖాళీ. వరుసలో నిలబడటానికి సిగ్గుపడి ఆమె కేంద్రం ముందు నుంచి నడవడమే మానేసింది.

"ఏమయ్యా, నోటికాడి కూడు దాని నోట్ల పోస్తవా?" అని రోజూ కొట్లాట.

"జర ఓపిక పట్టు. జత కట్టినంక నీకు దండిగ పెడత."

చివరికి ఆమే అలిసిపోయింది. ఒకరోజు చూద్దును కదా, ఆమే దూడ వీపు తడుముతోంది. "జర లేసినట్లు లేదా?" అని నన్ను అడిగింది.

ఎర్రోడు మూడేళ్లు పెరిగాడు. బలంగానే పెరిగాడు. వీపు మాత్రం చదును చదునే. పెద్దనాయిన మరపడం మొదలుపెట్టాడు. నడుమంటే నడిచేది, నిలువుమంటే నిలిచేది. అంత మంచిగా మరిగిన కోడెను నేను చూడలేదు. బుద్ధిలో వంక లేదు, వంకంతా వీపులోనే. కాడిని ఆపే మూపురం లేక అది వెనక్కి జారిపోయేది. పాత గోనె మడిచి మెత్త కట్టాడు. కాడి ఒరుసుకుని పుండైతే వేపనూనె రాశాడు.

తొలకరి పడ్డది. ఊరంతా నాగళ్లు కట్టింది. ఆయన నల్లోడికి ఎర్రోణ్ణి జతకట్టి చెల్కకు తోలాడు. బుచ్చయ్య గట్టు మీద నిలబడి చూస్తుంటే పెద్దనాయిన తలెత్తి కూడా చూడలేదు. పొద్దెక్కాక మబ్బు విడి ఎండ కాసింది. ఎర్రోడు నాలుక బయటపెట్టి రొప్పడం మొదలుపెట్టాడు. మెత్త తడిసింది, నెత్తురుతో. అయినా నడుమంటే నడిచింది పాపం. సాలు మధ్యలో మోకాళ్ల మీద కూలబడింది. సద్ది తెచ్చిన పెద్దమ్మ గంప అక్కడే పడేసి ఉరికి, తానే పలుపులు విప్పింది.

"నీకు దండం పెడత, ఇగ దీన్ని చంపకు" అంది. ఆ వారమే ఆయన ఎర్రోణ్ణి అమ్మడానికి తోలుకుని బయలుదేరాడు.

మక్తల్ సంతకు నన్ను కూడా తోడు రమ్మన్నాడు. "మన రజాక్ ఉన్నడు. సేద్యగాని ఇంటికే ఇప్పిస్తడు" అని దారంతా నాకు చెబుతూనే వచ్చాడు. రజాక్ ఎద్దుల బేరగాడు. ఆయన మరిపిన ఎద్దుల్ని పదేళ్లుగా అమ్మిపెట్టినవాడు. మా సంతలో సేద్యపు ఎద్దు బేరం నలుగురికీ వినపడకూడదు. బేరగాడు తువ్వాల పరిచి, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెబుతాడు. కసాయి కోతకు పోయే పశువుకు మాత్రం తువ్వాల ఉండదు, ధర పైకే అంటారు.

పెద్దనాయిన చెయ్యి చాచి నిలబడ్డాడు. రజాక్ ఎర్రోడి మెడ చూశాడు, వీపు చూశాడు. తువ్వాల భుజం మీదే ఉంది.

"తువ్వాల తియ్యి భాయ్."

"తియ్య చంద్రన్న. దీన్ని సేద్యానికని అమ్మితె కొన్నోడు మళ్ల కాడి కిందనే చంపుతడు. నిన్ను మోసం జెయ్య, ఆన్ని జెయ్య." రజాక్ ఎర్రోడి నుదురు నిమిరాడు. "నీ ఇష్టం. ఇంటికి తోలుకపో అంటె తోలుకపో."

ఇంటికి తోలుకుపోతే మేత ఎక్కడిది? ఆ ఏడు ఆవుకే చాలని గడ్డి. పెద్దనాయిన సరేనని తల ఊపాడు. లారీవాళ్లు ధర పైకే చెప్పారు. ఆయన విననట్టే అటు తిరిగి కూర్చున్నాడు.

ఎర్రోడు లారీ ఎక్కలేదు. తాడు పట్టి గుంజారు, తోక మెలిపెట్టారు, కర్రతో బాదారు. నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి నిలబడింది. పెద్దనాయిన లేచి వచ్చాడు.

"కొట్టకుండ్రి, పిలగాండ్లూ."

లారీకి వాలుగా వేసిన చెక్క పలక మీదుగా తనే ముందు ఎక్కి, వెనక్కి తిరిగి పిలిచాడు. మెల్లగానే పిలిచాడు. ఎర్రోడు ఒక్కో కాలూ పలక మీద పెట్టి ఆయన దగ్గరికి ఎక్కింది. ఆయన దిగుతుంటే తానూ దిగబోయింది. వాళ్లు తలుపు వేసేశారు.

లారీ కదిలి పోయేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. తర్వాత నా భుజం పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఎంత మంచిగ మరిపిన రా దాన్ని" అన్నాడు. "ఎవ్వలు కొట్టినా ఎక్కలె. నేను పిలిస్తె ఎక్కింది."