రజితకు దొరసాని పడిన రోజు

మా చిన్నప్పుడు గోదావరిఖని క్వార్టర్ల మధ్య మాకో రాజ్యం ఉండేది... సుధాకరన్న వాళ్ల అరుగు మీద.

సుధాకరన్న హైదరాబాదులో ఇంజినీరింగు చదివేవాడు. ఓ ఎండాకాలం సెలవులకు వస్తూ హాస్టల్లో నేర్చుకున్న ఆట ఒకటి పట్టుకొచ్చాడు. బోర్డు లేదు, పిక్కలు లేవు. అన్న కథ చెబుతుంటే ఆ కథలో మేం తలా ఒక మనిషి. కోటలోకి దూరాలా, అడవిలో రాక్షసుడితో తలపడాలా... మేమే చెప్పాలి. గెలిచామో ఓడామో ఇరవై ముఖాల పాచిక తేల్చేది.

అన్నిటికంటే ముందు పుట్టుక తేలాలి. అన్న బొగ్గు ముక్కతో అరుగు మీద మెట్లు గీసేవాడు. పైన రాజు, ఆ కింద దొర, సేనాని, వర్తకుడు, రైతు... అట్టడుగున దొర ఇంట్లో ఊరికే చాకిరీ చేసే వెట్టివాడు. పాచిక ఎక్కడ వేస్తే అక్కడ పుట్టినట్టు. కథ అయ్యేదాకా మాటా మర్యాదా ఆ మెట్టును బట్టే.

"దొరను పేరు పెట్టి పిలువద్దు. రాజు ముంగట రైతు కూసోవద్దు. గట్లుంటెనే ఆట మజా," అనేవాడు అన్న.

మాకదంతా ఉత్త కథే. మా నాన్నలందరూ బాయికి, అంటే గనికి, డ్యూటీకి వెళ్లేవాళ్లు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చినా షిఫ్టు దిగి వచ్చేటప్పుడు అందరి మొహాలదీ ఒకటే రంగు. మా గుంపులో శ్రీకాంత్ వాళ్ల నాన్న ఒక్కడే ఆఫీసులో గుమాస్తా.

మా పక్క క్వార్టరు రజిత నా ప్రాణ స్నేహితురాలు. దానికెప్పుడూ రైతో, వెట్టో పడేది. "పాచికకు నా మీద పగున్నది," అని నవ్వేది. ఆ మధ్యాహ్నం మాత్రం దొరసాని పడింది... శ్రీకాంత్‌కు వెట్టి.

రజిత ఇంట్లోంచి వాళ్లమ్మ శాలువా తెచ్చి భుజం మీద కప్పుకుంది. అరుగు అంచున కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

"చెప్పులు చేతుల పట్టుకొని నడువు. గడి ముంగటికెళ్లి గట్లనే పోవాలె," అంది. దొరల ఇంటిని గడి అంటారని మాకు అప్పుడే తెలిసింది. రజిత ఇంట్లో ఎప్పుడో విని ఉంటుంది.

శ్రీకాంత్ కూడా తక్కువ తినలేదు. చెప్పులు చేత పట్టుకుని నడుం వంచి, "నీ బాంచెన్, దొరసానీ," అన్నాడు. మేం పడీ పడీ నవ్వాం...

"శ్రీకాంత్. చెప్పులు తొడుక్కో."

శ్రీకాంత్ వాళ్ల నాయనమ్మ. ఎప్పుడూ క్వార్టరు ముందు కుర్చీలో కూర్చుని ఉండే ముసలావిడ. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. ఎప్పుడు లేచి వచ్చిందో మేం చూడలేదు.

"నువ్వెవరి బిడ్డవే?" అని రజితను అడిగింది.

"మల్లయ్య బిడ్డను, అమ్మమ్మా."

అప్పుడే మొదటి షిఫ్టు దిగి, హ్యాండిల్‌కు టిఫిను డబ్బా తగిలించుకుని సైకిల్ మీద వస్తున్నాడు రజిత వాళ్ల నాన్న, మల్లయ్య కాక. యూనియను గేటు మీటింగుల్లో మేనేజరు ఎదుటే గొంతెత్తి మాట్లాడతాడని మా నాన్న గొప్పగా చెప్పే మనిషి.

"మల్లిగా," అంది ముసలావిడ. గొంతు పెంచలేదు. "నీ బిడ్డ దొరసాని అయిందట. నా మనుమడు దానికి వెట్టి చేస్తుండు. చూస్తున్నవా?"

కాకను అలా పిలవడం మేమెన్నడూ వినలేదు.

కాక సైకిల్ దిగాడు. దాన్ని గోడకు ఆనించాడు. రెండు చేతులూ జోడించి తల వంచాడు.

"తప్పయింది, దొరసానీ... చిన్నపిల్ల, తెల్వక చేసింది."

ఆవిడ మనవడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. రజిత శాలువా తీసి మడత పెట్టింది. మళ్లీ విప్పి, మళ్లీ మడత పెట్టింది...

"ఇంటికి పా, బిడ్డా," అన్నాడు కాక. అది కదల్లేదు. కాసేపు నిలబడి, సైకిల్ నడిపించుకుంటూ ఆయన ఒక్కడే వెళ్లాడు.

ఆ సాయంత్రం మా నాన్న చెప్పాడు. కాకదీ ఆ ముసలావిడదీ రామగిరి అవతల ఒకే ఊరు. కాక తండ్రి బతికినన్నాళ్లూ ఆవిడ గడిలో వెట్టి చేశాడు. అది తనకొద్దని కాక పడుచుతనంలోనే పారిపోయి వచ్చి బాయిలో చేరాడు. తర్వాత దొరల భూములు పోయాయి, గడి కూలింది. ఆవిడ కొడుకు వెంట ఈ రెండు గదుల క్వార్టరుకు వచ్చింది... కాక ఉన్న లైనుకే.

మర్నాడు సుధాకరన్న మెట్లన్నీ నీళ్లు పోసి కడిగేశాడు. రజిత వాళ్ల గుమ్మం దాకా వెళ్లి, "ఇగ మెట్లు గిట్ల ఏం లేవు, చెల్లె. అందరం రాజులమే అనుకొని ఆడుదాం, రా," అన్నాడు.

"ఉత్తగ అనుకుంటె అయితదా, అన్నా?" అని లోపలికి వెళ్లిపోయింది రజిత.

మా ఆట అక్కడితో ఆగిపోయింది. ఇంకోటి కూడా ఆగింది... అంతకుముందు కాక సైకిల్ బెల్లు వినపడగానే టిఫిను డబ్బా అందుకోవడానికి రజిత ఉరికేది. తర్వాత ఉరకలేదు. కాక మాత్రం చాలా రోజులు బెల్లు కొట్టి, గుమ్మం వైపు ఓసారి చూసి, డబ్బా తనే పట్టుకుని లోపలికి పోయేవాడు.

మల్లయ్య కాక మొన్న చలికాలంలో పోయాడు. రజిత ఇప్పుడు మంచిర్యాలలో నర్సు. కర్మ నాడు నా పక్కన కూర్చుని చెప్పింది.

"గా రోజు ఎందుకు వంగినవ్ బాపూ అని అడుగుదామనుకున్న... ఆఖరికి దవాఖానల గూడ అడగలె. అడిగితె మా బాపు మల్లోసారి వంగినట్టయితదేమోనని భయమైంది."

నేను దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు ఆ క్వార్టర్లు సగం తాళాలేసి ఉన్నాయి. మా వాడు ఇలాంటి ఆటే ఫోనులో ఆడతాడు... పక్కన ఎవరూ ఉండరు. ఏయే ఊళ్లు విడిచి, దేన్నుంచి తప్పించుకుని బాయి దాకా వచ్చారో తమ నోటితో చెప్పకుండానే మా నాన్నల తరం ఒక్కొక్కరుగా వెళ్లిపోతోంది. మీ ఇంట్లో ఎవరైనా నోరు విప్పి చెప్పి ఉంటే, ఇక్కడ రాయండి... మాకు తమ కథ చెప్పినవాళ్లు లేరు.