మిషను బరువెక్కిన రోజులు

వీధి మొత్తం ఆమెను మిషనమ్మ అనే పిలిచేది. కిటికీ పక్కన కుట్టుమిషను, దాన్ని తొక్కే పాదాలు, ఈ రెండూ కలిస్తేనే ఆమె. మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా పడి గదిలో దూది నలుసులు తేలుతుంటే, చక్రం చప్పుడు వింటూ సగం నిద్రలో కుట్టినా గీత తప్పేది కాదు. నోరు మాత్రం నిద్రపోయేది కాదు.

ఆ నెల బడి యూనిఫాంలు గుట్టపడ్డాయి. ఇక వంటకు తీరికెక్కడిది? కోడికూర సగం ఉడికీ ఉడక్కుండానే దింపేసి, ఎముక దగ్గర ఇంకా ఎర్రగానే ఉన్నా, "కడుపులోకి పోయాక అదే ఉడుకుతుందిలే" అని తినేసింది. మొగుడు బస్సు డ్రైవరు, ఆ పూట బయట తిని బతికిపోయాడు. ఈమెకు విరేచనాలు పట్టుకున్నాయి. కొన్నాళ్లకు తగ్గాయి, ఆ సంగతే మరిచిపోయింది.

రెండు వారాలు గడిచాక మిషను బరువెక్కింది. నూనె పోసింది. బెల్టు మార్చింది. అయినా చక్రం మొరాయిస్తుంటే రిపేరు చేసే అతన్ని పిలిపించి నాలుగు దులిపింది. అతను కూర్చుని ఒంటికాలితో తొక్కి చూపించాడు.

"వెన్నలా తిరుగుతోంది కదమ్మా!"

తనే తొక్కి చూపిద్దామని లేవబోయి కూలబడింది. ఒంట్లో జబ్బు పెట్టుకుని మిషనుకు వైద్యం చేయించింది పిచ్చితల్లి. పాదాల్లో మొదలైన తిమ్మిరి అప్పటికే మోకాళ్లు దాటింది.

ఆస్పత్రిలో చేతులూ సడలిపోయాయి. తెల్లటి పైకప్పు పరిచిన గుడ్డలా మెల్లగా కదులుతున్నట్టు, తాను దాని మీద ముడివేయని దారంలా జారిపోతున్నట్టు అనిపించేది. డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పింది.

"కడుపులో దూరిన క్రిమిని చంపడానికి ఒంట్లో కాపలావాళ్లు లేచారమ్మా. ఆ క్రిమి పైతొడుగు, మన నరాల తొడుగు కొంచెం ఒకేలా ఉంటాయి. పొరబడి నరాల మీద పడ్డారు."

"రెండూ ఒకే తానులో గుడ్డలన్నమాట" అంది మిషనమ్మ నీరసంగా. "మళ్లీ తొక్కుతానా?"

"మందు ఎక్కిస్తున్నాం. చాలామంది కోలుకుంటారు, నెలలు పడుతుంది. కానీ అందరికీ పూర్తిగా తిరిగిరాదు. అబద్ధం చెప్పను."

తొక్కలేకపోతే ఇక తానెవరు?

ఇంటికొచ్చాక చేతులు కాస్త కుదుటపడ్డాయి. కాళ్లు మాత్రం ఎవరివో తెచ్చి తగిలించినట్టుండేవి. రోజూ డ్యూటీ దిగగానే మొగుడు ఆ పాదాలు ఒళ్లో పెట్టుకుని పిసికేవాడు. పెళ్లాం కాళ్లు పట్టాడని ఇరుగుపొరుగు నవ్వితే, "మరి మీరొచ్చి పడతారా?" అనేవాడు.

"మిషనుకు మోటారు బిగిద్దామే, కాళ్లతో పనుండదు" అన్నాడొకసారి. ఆమె గోడవైపు తిరిగి ఏడ్చింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదాయన.

ఒక వానపూట, చినుకుల చప్పుడుకు ఆమె మాగన్నుగా ఉంది. ఆయన వంగి అరికాలు రాస్తున్నాడు. ఉన్నట్టుండి కితకితలు పుట్టాయి. కాలు విదిలిస్తే వెళ్లి ఆయన గడ్డానికి తగిలింది. ఇద్దరూ బిత్తరపోయారు.

"అయ్యో, తగిలిందా అండీ?"

ఆయన కళ్లనిండా నీళ్లు. పాదాన్ని మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఇంకోటి తన్నవే" అన్నాడు.