అక్క కోసం తొమ్మిది కిలోలు

నాకు పరుగంటే అసహ్యం. ఇప్పుడూ అంతే. రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరిగెత్తే మనిషి ఈ మాటంటే ఎవరూ నమ్మరు. నోయిడాలో మా అపార్ట్‌మెంట్ సొసైటీ ఆంటీలైతే అసలే నమ్మరు. నన్ను చూపించి మొగుళ్ళను దెప్పడం వాళ్ళకు అలవాటైపోయింది. "దేఖో, భయ్యా కిత్‌నే ఫిట్ హో గయే" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆగి, అసలు సంగతి చెప్పి, వాళ్ళ నోళ్ళు మూయించాలనిపిస్తుంది. చెప్పను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకుని ముందుకు పోతాను.

ఇది మొదలై రెండేళ్ళయింది. మా అక్క కాలేయం పాడైందని ఒంగోలులో తేల్చారు. అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్ద. తాగుడు లేదు, తిరుగుడు లేదు, ఎందుకొచ్చిందో ఏ డాక్టరూ సరిగ్గా చెప్పలేదు. పొట్టలో నీరు చేరుతోంది, తీయిస్తే మళ్ళీ చేరుతోంది. ఇక్కడ పెద్దాసుపత్రులున్నాయి కదా అని నా దగ్గరికి తెచ్చేసుకున్నాను. డాక్టరు కాగితాలన్నీ చూసి, మార్పిడి ఒక్కటే దారి అన్నాడు. సొంతవాళ్ళెవరైనా తమ కాలేయంలో కొంత ముక్క ఇవ్వాలి, ఇచ్చినవాళ్ళకు అది మళ్ళీ పెరుగుతుంది. బావకు షుగరు. వాళ్ళమ్మాయి ఇంకా ఇంటర్ చదువుతోంది. మిగిలింది నేను. బ్లడ్ గ్రూపు కలిసిందని తెలిసినప్పుడు ఆసుపత్రి వరండాలోనే సంబరపడ్డాను.

తర్వాత నాకు స్కాన్ తీశారు. నా కాలేయం నిండా కొవ్వు. పదిహేనేళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆఫీసు కుర్చీలోంచి క్యాబ్‌లోకి, క్యాబ్‌లోంచి సోఫాలోకి మారడం తప్ప ఒళ్ళు వంచింది లేదు. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. ఈ కాలేయం పనికిరాదు. పది వారాల్లో తొమ్మిది కిలోలు తగ్గితే మళ్ళీ చూద్దాం. మధ్యలో ఐదో వారంలో ఒక స్కాన్. అంతకుమించి ఆగే ఓపిక మీ అక్క ఒంట్లో లేదు.

ఆ గదిలోనే అక్క అంది, "నాకొద్దు. వాణ్ణి కొయ్యబాకండి" అని. బావ, నేను, నా భార్య ముగ్గురం ఒకేసారి, "నువ్వు ఊరుకో" అన్నాం. అక్క ఊరుకుంది. డాక్టరుకు తెలుగు రాదు, ఏమందని కూడా అడగలేదు.

మా సొసైటీ సెక్యూరిటీ చూసుకునే పెద్దాయన రిటైరైన సుబేదారు. శ్రీకాకుళం మనిషి. కంటోన్మెంట్‌లో ఉండగా ఎంతమంది కుర్రాళ్ళ పొట్టలు కరిగించాడో లెక్కలేదని ఆయనే చెప్పుకునేవాడు. సంగతి చెప్పి సాయమడిగాను. నన్ను పైనుంచి కిందకి చూసి, "అక్క కోసమంటున్నారు గాబట్టి ఒప్పుకుంటన్నాను బాబూ. ఒక్క రోజు మానీసినా మరి నా దగ్గరకి రాకండి" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి మొదలు. రెండు కిలోమీటర్ల పరుగు, ఆ తర్వాత దండీలు, బస్కీలు, పార్కులో పిల్లలు వేలాడే కమ్మీకి నేనూ వేలాడడం. మొదటిరోజు నాలుగు దండీలు తీశాను. ఐదోదానికి చేతులు వణికి గడ్డం నేలకు తగిలింది. సుబేదారుగారు పక్కన గొంతుక్కూర్చుని, "ఏటి, పడుకుండిపోయారేటి? ఏక్ ఔర్!" అని అరిచాడు. వాకింగ్‌కి వచ్చిన అంకుల్స్ ఆగి మరీ చూశారు. సాయంత్రం ఇంట్లో మరో విడత. అప్పుడు మా ఎనిమిదేళ్ళ కూతురు నా ముందు కూర్చుని హిందీలో లెక్కపెట్టేది. "సాత్, ఆఠ్... నాన్నా, వో వాలా కౌంట్ నహీ హోగా, నీచే గయే హీ నహీ." కిందిదాకా దిగందే లెక్కలో వేసేది కాదు. సుబేదారే నయం.

బావ వాళ్ళమ్మాయి దగ్గరికి ఒంగోలు వెళ్ళాడు. తిండి సంగతి అక్క తీసుకుంది. నా భార్య గురుగ్రామ్‌లో పని చేస్తుంది, పొద్దున్నే ఏడింటికి ఆఫీసు క్యాబ్ ఎక్కితే చీకటి పడ్డాకే రావడం, భోజనం అక్కడే. నేను వండుకుంటానంటే అక్క ఒప్పుకోలేదు. పొయ్యి పక్కన స్టూలు వేసుకుని, పొట్ట మీద చెయ్యి ఆనించుకుని, జొన్నరొట్టెలు తట్టేది. వద్దంటే, "ఇది గూడా లాగేసుకుంటే ఈడ నేను చేసేదేందిరా? కుర్చీలో కూర్చుని గోడలు చూడాల్నా?" అనేది. కాదనలేకపోయాను. చిన్నప్పుడు నాకు అన్నం కలిపి పెట్టింది ఆ చెయ్యే. మా ఇళ్ళల్లో అక్క పెట్టిన పళ్ళెం ముందు కూర్చుని ఇందులో ఏముందని అడిగే తమ్ముడు ఉండడు. నేనూ అడగలేదు. ఒక్కసారి మాత్రం, జొన్నరొట్టె ఇంత మెత్తగా ఎలా వస్తోందక్కా అన్నాను. వేడినీళ్ళతో పిండి కలపాలంది.

మొదటి వారం కిలోన్నర తగ్గాను. రెండో వారం అరకిలో. మూడోవారం ఏమీ లేదు. నాలుగోవారం మూడొందల గ్రాములు పెరిగాను. ఆ తూకం మిషన్‌ను బాల్కనీలోంచి కిందికి విసిరేయాలనిపించింది. బ్యాటరీలు మార్చాను. హాల్లో, బాత్రూమ్‌లో, బెడ్‌రూమ్‌లో పెట్టి చూశాను. ఎక్కడ పెట్టినా అదే అంకె.

ఈలోగా దీపావళి దాటింది, ఢిల్లీ మీద పొగ దిగింది. ఎదురు టవర్ కనిపించడం మానేసింది. ముక్కు దిబ్బడ వేసి వాసనలూ రుచులూ తెలియడం మానేశాయి. బయట పరిగెత్తొద్దని సర్కారువాళ్ళు, స్కూళ్ళవాళ్ళు, ఆసుపత్రివాళ్ళు అందరూ మెసేజీలు పంపుతున్నారు. సుబేదారుగారు నన్ను బేస్‌మెంట్ పార్కింగ్‌లోకి దింపాడు. కార్ల మధ్య ఒక చుట్టు మూడొందల మీటర్లు. రోజుకు పదిహేను చుట్లు. గానుగెద్దులా తిరిగాను. మూడోరోజే సొసైటీ గ్రూపులో ఎవరో మెసేజీ పెట్టారు, బేస్‌మెంట్‌లో ఒకాయన పొద్దున్నే పరిగెడుతున్నాడు, కార్లు తీసేవాళ్ళకు ఇబ్బంది అని. దాని కింద పదకొండు బొటనవేళ్ళు. కారు తీసేవాడు నన్ను తొక్కేస్తాడన్న బెంగ ఒక్కరికీ లేదు. సెక్యూరిటీ చూసేదే సుబేదారుగారు కాబట్టి, "ఠీక్ హై, దేఖ్తే హై" అని జవాబిచ్చి నన్ను తిప్పుతూనే ఉన్నాడు.

ఐదోవారం స్కాన్‌లో మార్పు లేదన్నారు. డాక్టరు కళ్ళద్దాలు తీసి, ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు, మీకు నిజంగా ఇవ్వాలని ఉందా అని. చాలామంది భయపడతారు, అది తప్పు కాదు, భయముంటే నాతో చెప్పండి, మీవాళ్ళకు మెడికల్ కారణం ఏదో చెప్పి మిమ్మల్ని తప్పిస్తాను అన్నాడు. పక్కగదిలో అక్కకు పొట్టలోంచి నీరు తీస్తున్నారు. ఇక్కడ ఈయన నన్ను మర్యాదగా దొంగను చేస్తున్నాడు. ఏడుపొచ్చింది, అది కూడా దొంగేడుపనుకుంటాడని ఆపుకున్నాను.

సుబేదారుగారి చూపు కూడా మారింది. "బాబూ, నాను ముప్పయ్యేళ్ళు సూసాను. ఇంత పని సేసినోడు తగ్గకపోడం అన్నది లేదు. ఆఫీసులో ఏటి తింటన్నారో నిజం సెప్పీయండి" అన్నాడు. ఆఫీసులో బ్లాక్ కాఫీ తప్ప ముట్టడం లేదని కూతురి మీద ఒట్టు వేశాను. ఆయన తల ఊపాడు గానీ నమ్మలేదు. ఆరోజు కసికొద్దీ పాతిక చుట్లు తిరిగాను. మోకాలు వాచింది. అక్క వేడినీళ్ళ కాపడం పెట్టి, "ఎందుకురా ఈ బాధ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అన్నం పెట్టి, దగ్గరుండి తినిపించింది.

తర్వాతి ఆదివారం పాలకూర అయిపోతే తెప్పిద్దామని సరుకుల యాప్ తెరిచాను. ఇంట్లో టాబ్‌లో, ఫోన్లలో అంతా ఒకటే అకౌంటు. మీరు తరచుగా కొనేవి, మళ్ళీ కొనండి అంటూ పైన నాలుగు బొమ్మలు చూపించింది. మొదటిది ఆవునెయ్యి. మేము నెయ్యి మానేసి నెల దాటింది. పాత ఆర్డర్లు చూశాను. వారానికి రెండు అరకిలో ప్యాకెట్లు. జీడిపప్పు, ఎండుకొబ్బరి, వేరుశనగపప్పు కూడా. అన్నీ మధ్యాహ్నం పూట, నేను ఆఫీసులో ఉండగా వచ్చినవి. అక్కకు టాబ్‌లో ఆర్డర్ పెట్టడం నేర్పింది మా అమ్మాయే.

వంటింట్లోకి వెళ్ళాను. అక్క స్టూలు మీద కూర్చుని రొట్టె తడుతోంది. ఫోన్ కళ్ళముందు పెట్టాను.

"ఏందక్కా ఇది?"

కళ్ళజోడు సర్దుకుని చూసింది. "నెయ్యి" అంది.

"నెయ్యని నాకూ తెలుసు. ఎందుకని అడుగుతుండా."

బుకాయిస్తుందనుకున్నాను. బుకాయించలేదు. "ఆ డాక్టరు ముందర చెప్పా గదరా, నాకొద్దని. మీరందరూ ఊరుకోమంటిరి. ఊరుకున్నా. ఇంక నా చేతిలో ఉండేది ఈ గరిటె ఒక్కటే గదా."

"నేనాడ పొగలో పడి చస్తుంటే, డాక్టరు నన్ను దొంగను చూసినట్టు చూస్తుంటే, నువ్వు ఈడ కూర్చుని నెయ్యి పోస్తుండావా?" అని అరిచాను. అక్క మీద నేను గొంతెత్తడం అదే మొదటిసారి.

"ఎనిమిదేళ్ళ పిల్లుంది నీకు. ఆ బల్ల మీద నీకేమన్నా అయితే, నేను బతికొచ్చి ఆ పిల్ల మొహం ఎట్ట చూడాల?"

"మరి నీకైతే? మీ అమ్మాయి మొహం నేనెట్ట చూడాల?"

అక్క పొయ్యి ఆర్పింది. పెనం మీది రొట్టె తీసి పళ్ళెంలో వేసి, నా వైపు జరిపింది. "ఆరిపోద్ది, తిను" అంది, ఏమీ జరగనట్టు. నేను పళ్ళెం తోసేశాను. అది గట్టు మీంచి జారి నేలమీద పడింది. గుమ్మంలో మా అమ్మాయి నిలబడి చూస్తోంది. అక్క వంగలేక వంగి రొట్టె ఏరుతుంటే నేను సాయం కూడా పట్టకుండా బయటికి వెళ్ళిపోయాను.

ఆ రోజు నుంచి వంట నేనే. ఉడకబెట్టిన కూరలు, ఓట్స్, మజ్జిగ. అక్క హాల్లో కుర్చీలో కూర్చునేది, ఏ గోడలు చూడలేనందో ఆ గోడలే చూస్తూ. ఇద్దరం అవసరానికి మించి మాట్లాడుకోలేదు. నేను పంతం పట్టాను. నలభై దండీలు, నూరు బస్కీలు, ఐదు కిలోమీటర్ల పరుగు. వారానికి రెండు కిలోలు దిగాయి. "ఇప్పుడొచ్చారు దార్లోకి" అని సుబేదారుగారు భుజం చరిచాడు. ఎందుకు ఇప్పుడే తగ్గుతున్నానో ఆయనకు చెప్పలేదు. అక్కను ఆయన ముందు పలచన చేయడానికి మనసొప్పలేదు.

తొమ్మిదోవారం చివర్లో అక్కకు జ్వరం వచ్చింది. పొట్టలో నీటికి ఇన్‌ఫెక్షన్ సోకిందన్నారు. ఆసుపత్రిలో చేర్చాం. పదోవారం అదే ఆసుపత్రిలో, కింది అంతస్తులో నాకు స్కాన్ తీశారు. కొవ్వు దాదాపు పోయింది, ఇవ్వడానికి మీరు పనికొస్తారు అన్నాడు డాక్టరు. చెయ్యి కూడా కలిపాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఇప్పుడు మీ అక్క ఆపరేషన్ తట్టుకునే స్థితిలో లేదు, ఇన్‌ఫెక్షన్ తగ్గాక చూద్దాం అన్నాడు.

రిపోర్టు పట్టుకుని పైకి వెళ్ళాను. అక్క నన్ను చాలాసేపు చూసింది. "సన్నబడ్డావురా. నాన్న మాదిరి ఉండావు" అంది. "లివరు బాగయిందన్నారా?"

"బాగయింది."

"చాలు" అని కళ్ళు మూసుకుంది. పెద్ద పని ఒకటి ముగిసినట్టు ఆమె మొహంలో నిశ్చింత. నాకు అక్కడే మంచం పట్టుకుని అరవాలనిపించింది. నేను బాగవడానికి కాదక్కా, నీకివ్వడానికి అని. మందుల మత్తులో నిద్రపోయింది, అరవలేకపోయాను.

ఇన్‌ఫెక్షన్ కొంచెం తగ్గింది గానీ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. పది రోజులకు అక్క పోయింది.

ఐదోవారంలోనే నా స్కాన్ బాగుండి ఉంటే ఆరోవారంలో ఆపరేషన్ అయ్యేది. జ్వరం వచ్చింది తొమ్మిదోవారంలో. డాక్టరును అడిగితే, అలా చెప్పలేం, జరిగుండొచ్చు, జరగకపోవచ్చు అన్నాడు. బావను అడగలేదు. ఆయనకు నెయ్యి సంగతి ఇప్పటికీ తెలియదు.

ఒంగోలులో కర్మలు ముగించుకుని వచ్చిన మర్నాడు ఆరింటికి సుబేదారుగారు బెల్ కొట్టాడు. "ఇంకెవరికోసమండీ?" అన్నాను. "అది నాకు తెల్దు బాబూ. ఆరైంది. దిగండి" అన్నాడు. చెప్పులు వేసుకోబోయి బూట్లు వేసుకున్నాను. అప్పటినుంచి మానలేదు. పరుగు మీద ప్రేమ పుట్టలేదు, మనసు తేలికవుతుందని చెప్పేవాళ్ళ మాట నా విషయంలో అబద్ధం. పరిగెడుతున్నంతసేపూ అక్కతో పోట్లాడుతూనే ఉంటాను, ఆమెను ఊరుకోమన్నందుకు నాతోనూ.

చివరికి అక్క అనుకున్నదే జరిగింది. నన్నెవరూ కొయ్యలేదు. స్నానం చేసేటప్పుడు పొట్ట మీద కుడివైపు చెయ్యి పెట్టి చూసుకుంటాను. చర్మం నున్నగా ఉంటుంది. అక్కడ ఒక గాటు ఉండాల్సింది.