లైటింగ్ కుదరని తాతయ్య

మా తాతయ్యకు ఎప్పుడూ లైటింగ్ కుదరదు. ఎండ కాస్తే ఎక్కువైందంటాడు, మబ్బు పడితే తక్కువైందంటాడు, రెండూ సమానంగా ఉంటే "ఇదేంటి, చప్పగా ఉంది" అంటాడు. నలభై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపిన మనిషికి ముసలితనంలో కొండల మీది సరస్సుల పిచ్చి పట్టింది. నెలకో ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, నాలుగు గంటలు కొండెక్కి, నీళ్లకెదురుగా కెమెరా పెట్టి, ఒక కన్ను మూసుకుని గంటసేపు చూసి, "కుదర్లేదు" అని దిగొచ్చేస్తాడు. ఏడాదిన్నరలో బటన్ నొక్కింది పదకొండుసార్లు. అన్నీ నీళ్లూ రాళ్లే. స్టాండు మోసేది నేను. పదో తరగతి రెండుసార్లు తప్పిన పిల్ల భుజాలు ఖాళీగా ఉండకూడదని ఆయన సిద్ధాంతం.

మాతో వచ్చే మూడో మనిషి టైలర్ తాత. ఆయన కొట్టు మా స్టూడియో పక్కనే. ఏడాదిన్నర కిందట డాక్టరు ఆయన ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూసి, ఆరు నెలలన్నాడు. ఆ సాయంత్రమే ఆయన స్టూడియోకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఒరేయ్, నాకో మంచి ఫొటో కావాలి. గోడకి."

"గోడకా?"

"ఉన్నది గుర్తింపు కార్డు ఫొటో ఒక్కటే. అందులో నేను, కుట్టమని ఇచ్చిన గుడ్డలో సగం దాచేసినవాడిలా ఉన్నాను. మా అమ్మాయి దాన్నే పెద్దది చేయించి తగిలిస్తుంది. పోయాక కూడా నాకు ఆ మొహమేనా?"

తాతయ్య తన వెనక గోడకేసి చూశాడు. దాని నిండా పోయినవాళ్లే. ఇంటివాళ్లు ఫ్రేము కట్టమని చెప్పి, తీసుకెళ్లడం మరిచిపోయినవాళ్లు.

"స్టూడియోలో నీ మొహానికి లైటింగ్ కుదరదు. కొండ మీద సరస్సు దగ్గర తీస్తాను. నడవాలి మరి."

"నడుస్తానులే."

మొదటి నెల మంచు కమ్మింది. రెండో నెల నీళ్లు కదిలాయి. ఐదో నెల గాలి. ఏడో నెల బాతు అడ్డం వచ్చింది. అది వెళ్లేదాకా ఆగుదామన్నాను. "వెళ్లిన బాతు మళ్లీ రాదని పూచీ నీదా?" అన్నాడు తాతయ్య. టైలర్ తాత ప్రతిసారీ నున్నగా గడ్డం గీసుకుని ఎక్కేవాడు, ఉత్తి చేతులతో దిగేవాడు.

మొన్న పద్దెనిమిదోసారి. ఈసారి ఆయన పది అడుగులకోసారి ఆగాడు. దగ్గినప్పుడల్లా రుమాలు చూసుకుని, ఎర్రమరక లోపలికి వచ్చేలా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కాసేపు కూర్చుందాం తాతా," అన్నాను.

"కూర్చుంటే లేవను. పద."

పైకి చేరేసరికి గాలి లేదు. నీళ్లలో కొండ తలకిందులుగా, ఒక్క ముడత లేకుండా పడుకుని ఉంది. ఎండ పక్కనుంచి మెత్తగా పడుతోంది. అంతకంటే చక్కటి వెలుతురు ఉండదని నాకే తెలిసిపోయింది. టైలర్ తాత ఒడ్డున నిలబడ్డాడు. తాతయ్య ఒక కన్ను మూశాడు. ఈసారి నిమిషమే చూశాడు.

"కుదర్లేదు. వచ్చే నెల."

టైలర్ తాత రాయి మీద కూలబడ్డాడు. "వచ్చే నెలకి నేనుండాలి కదరా."

"ఉండు. ఎవడొద్దన్నాడు?" అని తాతయ్య సీసాలో నీళ్లు నింపడానికి వాగు వైపు వెళ్లాడు.

నాకు ఒళ్లు మండింది. కెమెరా స్టాండు మీదే ఉంది. "తాతా, కాస్త నవ్వు," అన్నాను. నవ్వాడు. నొక్కేశాను.

ఆ చప్పుడుకి తాతయ్య సీసా పారేసి పరిగెత్తుకొచ్చాడు. కెమెరా వెనక మూత ఎండలో బార్లా తెరిచాడు. రీలంతా బయటికి లాగాడు. వెలుతురు తగిలాక రీల్లో ఇంకేం మిగలదు. ఏడాదిన్నర తపస్సు, పదకొండు సరస్సులు, టైలర్ తాత నవ్వు, అన్నీ ఒక్క దెబ్బకి పోయాయి.

"అయ్యో, చెయ్యి జారింది," అన్నాడు, చెయ్యి జారిన వాడి మొహం ఎలా ఉంటుందో తెలియనట్టు.

దిగేటప్పుడు టైలర్ తాత కాస్త వెనకబడ్డాక నిలదీశాను. "నీకేమైనా పిచ్చా తాతయ్యా?"

"మెల్లగా. గోడకి ఫొటో తీయించుకున్నవాళ్లని నలభై ఏళ్లు చూశానే. ఫొటో చేతికి రాగానే, ఇక పనైపోయిందనుకుని మంచమెక్కుతారు. రెండో నెలలో ఇంటివాళ్లు ఫ్రేము కోసం వస్తారు. వీడికి ఇంకా పని మిగిలి ఉండాలి."

"ఆయనకి తెలిస్తే?"

"వాడికేం తెలుసు, గుడ్డ కొలవడం తప్ప."

బస్సు కోసం బల్ల మీద కూర్చున్నాం. తాతయ్య దూరంగా నిలబడి రోడ్డు చూస్తున్నాడు. టైలర్ తాత నా చెవి దగ్గర, "రీలు మొత్తం పోయిందా?" అన్నాడు.

"మొత్తం."

"పాపం. ఆ నీళ్ల ఫొటోలంటే వాడికి ప్రాణం." కాసేపు దగ్గి, రుమాలు మడుచుకుని, తాతయ్యకు వినపడేలా గొంతు పెంచాడు. "ఒరేయ్, ఇవాళ్టి సరస్సుకి పైన ఇంకోటి ఉందటగా. ఇంకో రెండు గంటలు ఎక్కాలట. అక్కడ లైటింగ్ ఎలా ఉంటుంది?"

తాతయ్య ఇటు తిరగలేదు. "పరమ అధ్వాన్నం."

"అయితే వచ్చే నెల అక్కడికే పోదాం."